గుల్లల్లో సీసం, కాడ్మియం: నానబెడితే పోతాయా?

ఉప్పుగాలి:
మా ఇంట్లో వారానికి రెండుసార్లు గుల్లలు, నెలకోసారి పీతలు తింటాం. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చోట పట్టినవాటిలో లోహాలుంటాయని విన్నప్పటి నుంచి అమ్మ ఉప్పునీళ్లలో రెండు గంటలు నానబెడుతోంది. దాంతో పోతాయా? చెల్లికి ఐదో నెల, అందుకే ఈ టెన్షన్.

తెల్లకోటు:
పోవండీ. నానబెడితే పోయేది ఇసుక. ఆహార పరీక్షల ల్యాబ్‌లో ఆరేళ్లు చేశాను. గుల్ల మాంసాన్ని ముద్ద చేసి, నైట్రిక్ ఆమ్లంలో వేడిచేస్తే చివరికి తేట నీళ్లలాంటి ద్రవం మిగులుతుంది. దాన్ని లోహాలు కొలిచే మెషీన్‌లో పెడతాం. ఉడికించిన శాంపిల్‌లో కిలోకు లెక్కేస్తే పచ్చిదానికన్నా ఎక్కువ రావడం చాలాసార్లు చూశాను. నీరు పోయి మాంసం కుదించుకుపోతుంది, లోహం చాలామటుకు అక్కడే ఉంటుంది. వాసన, రంగు, రుచి దేన్నిబట్టీ కనిపెట్టలేం.

గుల్ల తిండి తినేదే నీళ్లను వడగట్టి. ఆయిస్టర్ అనే రకం గుల్ల, పెద్దదైతే, అన్నీ కుదిరితే రోజుకు 190 లీటర్ల దాకా వడగడుతుంది. అందుకే అమెరికాలో 1986 నుంచి ‘మస్సెల్ వాచ్’ (మస్సెల్ కూడా ఒక రకం గుల్లే) పేరుతో తీరంలోని కాలుష్యాన్ని వీటిలోనే కొలుస్తున్నారు. మనం తినేది వాళ్లకు మీటరు!

నీటిపిల్లి:
నేను ‘శుద్ధి చేసినవి’ అని రాసి ఉన్న ప్యాకెట్లు ఏడాదిపాటు కొన్నాను, లోహాలు కూడా పోయాయనుకుని. అడిగితే అమ్మినవాళ్లు అవునన్నారు కూడా. తర్వాత తెలిసింది, శుభ్రమైన నీళ్లలో ఒకట్రెండు రోజులు ఉంచేది బ్యాక్టీరియా కోసమట. కాడ్మియం గుల్ల కణజాలంలోని ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది. అది దిగాలంటే నెలలు పడుతుంది.

తెల్లకోటు:
సరిగ్గా చెప్పారు. ఇక పీత సంగతి. డొప్ప తీయగానే కనిపించే గోధుమరంగు గుజ్జు ఉంది చూశారా, మనకు కాలేయం చేసే పని దానికి అదే చేస్తుంది. కాడ్మియం ఎక్కువగా చేరేది అక్కడే. యూరప్‌లో పీతకు పెట్టిన పరిమితి, కిలోకు 0.5 మిల్లీగ్రాములు, కాళ్ల తెల్లమాంసానికే వర్తిస్తుంది. గుజ్జు ఆ లెక్కలోకే రాదు. ఉడికించిన నీళ్లలోకి కూడా కొంత దిగుతుంది, కాబట్టి ఆ నీళ్లు పారబోయండి.

రెండో అల:
గర్భిణులకు అసలు భయం పాదరసం కదా? అది సొరచేప, కత్తిచేప లాంటి పెద్ద వేట చేపల్లో పేరుకుంటుంది. గుల్లల్లో, రొయ్యల్లో తక్కువ. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గర్భిణుల కోసం ఇచ్చిన జాబితాలో రొయ్యలు, ఆయిస్టర్లు మంచివాటిలోనే ఉన్నాయి.

నీటిపిల్లి:
మరి జపాన్‌లో పాదరసంతో జనం జబ్బుపడ్డ మినమాటాలో గుల్లలు కూడా తిన్నారుగా?

తెల్లకోటు:
తిన్నారు. 1956లో బయటపడిన ఆ జబ్బుకు కారణం ఫ్యాక్టరీ పాదరసాన్ని నేరుగా ఆ అఖాతంలోకి వదలడమే. అలాంటి చోట ఏ జీవినీ నమ్మలేం. అందుకే నేను ‘ఏం కొన్నారు’ కన్నా ముందు ‘ఏ నీళ్లలో పట్టారు’ అని అడుగుతాను. హార్బర్, మురుగుకాలువ కలిసే చోటు, పాత గనుల నీరు దిగే నది ముఖద్వారం అయితే వద్దు.

చెల్లెలికి రక్తహీనత ఉందేమో చూపించండి. ఐరన్ తక్కువైతే పేగు కాడ్మియాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది. ఒకసారి కిడ్నీల్లో చేరితే సగం తగ్గడానికే 10 నుంచి 30 ఏళ్లు.

రెండో అల:
ఆర్సెనిక్ రిపోర్టు చూసి నేను రెండు రాత్రులు నిద్రపోలేదు. మొత్తం అంకె భయంకరంగా ఉంది. తీరా చూస్తే సముద్రపు తిండిలో అది చాలామటుకు ఆర్సెనోబెటైన్ అనే పెద్దగా హాని చేయని రూపంలో ఉంటుందట, ఒంట్లో నిలవకుండా మూత్రంలో పోతుంది. రిపోర్టులో అసలు విషమైన ‘అకర్బన’ ఆర్సెనిక్ విడిగా ఇచ్చారేమో అడగాలి. నాకు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.

తెల్లకోటు:
ఇంకో మాట, ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా? తాగేవాళ్ల ఒంట్లో కాడ్మియం మిగతావాళ్లకన్నా సుమారు రెట్టింపు ఉంటుంది.

ఉప్పుగాలి:
అందరికీ థాంక్స్. గుల్లలు వారానికి ఒక్కసారికి తగ్గించాం, అవి ఎక్కడ పట్టారో రేపు అడుగుతాను. చెల్లికి రక్తపరీక్ష శనివారం. అసలు చిక్కు నాన్నతో. డొప్పలో గుజ్జు ఎప్పుడూ ఆయన వాటాయే, అది తిన్నాక సిగరెట్ కూడా.