వాగు లోయలో చుట్టు నడక: అడవి ముందా, పల్లెలు ముందా?

పెన్నొడ్డు:
రాపూరు వైపు వెలికొండల అడుగున ఒక వాగు లోయను డిసెంబరు ఆఖరి ఆదివారం ఆరుగురం చుట్టి రావాలనుకుంటున్నాం. రోడ్డు పక్క పల్లెలో బండ్లు పెట్టి, వాగు వెంబడి పడమరకు 5 కిలోమీటర్లు అడవిలో ఎక్కాలి. పెద్ద మడుగు పైన వాగు దాటి, అవతలి మిట్ట మీదుగా దిగితే రెండు చిన్న పల్లెలు, ఆపైన నిమ్మతోటల డొంక (బండిబాట), మళ్ళీ బండ్లు. మొత్తం 12 కిలోమీటర్లు, ఎక్కుడు 300 మీటర్లు. ఇట్లా అడవి ముందు పెట్టుకోవాలా, తిరగేసి పల్లెల మీదుగా ఎక్కి వాగు వెంట దిగాలా? అసలు చుట్టు మానుకుని, పోయిన దారినే తిరిగి రావాలనే వాళ్ళూ ఉన్నారు. కారణాలతో చెప్పండి.

కనుమదారి:
అడవే ముందు. వెలికొండలకు తూర్పు పక్క నడిచేవాళ్ళు ఎక్కువగా పొరబడేది పొద్దు దగ్గర. డిసెంబరు ఆఖరులో సూర్యాస్తమయం 5.45 ప్రాంతం. ఆ లెక్క మైదానానికి. మనకు పడమరగా కొండే అడ్డం. చెయ్యి చాపి పిడికిలి పట్టి చూడండి, దాని ఎత్తు సుమారు 10 డిగ్రీలు. కొండ తల రెండు పిడికిళ్ళ ఎత్తున కనబడిందంటే ఎండ దాదాపు గంటన్నర ముందే, 4.15కే పోతుంది. ఆకాశంలో వెలుగుంటుంది కానీ చెట్ల కింద బాట ఆనవాలు దొరకదు.

ఇక నడక లెక్క. గంటకు 5 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట అనే పాత లెక్కలో మీ దారి మూడు గంటలు. అది మంచి బాటకు. గుండ్రాళ్ళు, పరికి కంపలు ఉన్నచోట రెట్టింపు వేసుకోవాలి. మధ్యలో ఆగే సమయం, తిండి కలిపితే ఏడున్నర గంటలు. నెల్లూరు నుంచి తెల్లవారి బయలుదేరితే 8.30కి గానీ నడక మొదలు కాదు. అంటే సాయంత్రం నాలుగు. ఆ వేళకు వాగు గుండ్ల మధ్య ఉండాలా, డొంకలో ఉండాలా? మీరే చెప్పండి.

ఇంకో మాట. పశువుల బాటలు పల్లె దగ్గర ఒకటిగా మొదలై కొండమీదికి పోయేకొద్దీ చీలిపోతాయి. పల్లె నుంచి ఎక్కేవాడికి ప్రతి చీలిక దగ్గరా అనుమానమే. పైనుంచి దిగేవాడికి అవే బాటలు ఒకదాంట్లో ఒకటి కలుస్తూ పల్లెకే చేరుస్తాయి.

డొంకదారి:
బాటల సంగతి ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను. పల్లెలే ముందు.

సాయంత్రం పొలాల్లో ఏముంటుందో కనుమదారి అన్న చెప్పలేదు. అడవి అంచు చేలకు పందుల బెడద ఉంటుంది. కొన్నిచోట్ల చట్టానికి విరుద్ధంగా లైను నుంచే కరెంటు లాగి, మోకాలి ఎత్తున సన్న తీగ కడతారు. పొద్దుగూకాక కలిపి, తెల్లారి తీసేస్తారు. టార్చి వెలుగులో ఆ తీగ కనబడదు. నడక ఒక్క గంట ఆలస్యమైతే, అలసిపోయిన ఆరుగురు అడ్డదారిలో చేనుకు పడతారు. అడవిలో చీకటి పడితే ఒకచోట కూర్చుని తెల్లారేదాకా ఆగొచ్చు. తీగ తగిలితే రెండో అవకాశం ఉండదు.

పైగా పొద్దున్నే పల్లెలో నిలబడి నాలుగు మాటలు అడిగితే రోజు నడక తేలిపోతుంది: రాత్రి పైన వాన పడిందా, మడుగు పైన వాగు ఎంత లోతు, ఎలుగుబంటి ఏ పక్క తిరుగుతోంది. ఈ కబురు వాగు దాటకముందు కావాలి. యానాది గిరిజనుల కాలనీ పెద్దవాళ్ళకు ఆ లోయలో తెలియని గుండు ఉండదు. వాళ్ళలో ఒకరిని రోజు కూలికి తగ్గకుండా ఇచ్చి, తిండి పెట్టి, వెంట తీసుకుపోండి. మ్యాపు మాత్రమే నమ్ముకోవద్దు. ఇరుకు లోయలో ఫోను చూపే చుక్క పక్కకు జరుగుతుంది. చార్జింగు అయిపోతే అదీ ఉండదు.

దిగేటప్పుడు దారి తప్పే భయమూ లేదు. వాగు పక్కనే ఉంటుంది, అదే ఊరు చేరుస్తుంది.

కనుమదారి:
"నీళ్ళ వెంట దిగితే ఊరొస్తుంది" అన్న మాట మైదానంలో నిజం. ఇక్కడ వాగు మెట్లు మెట్లుగా దూకుతుంది. పది అడుగుల నున్నటి బండ ఎక్కేటప్పుడు చేతికి పట్టు కంటి ఎదురుగా ఉంటుంది. దిగేటప్పుడు కాలు ఎక్కడ పెట్టాలో కనబడదు, కింద పాచి. చీలమండలు మెలికపడేది ఇట్లాంటి చోట్లే. నీళ్ళ చప్పుడులో మన అలికిడి ఎలుగుకు వినబడదు, మలుపు తిరగ్గానే ఎదురుపడితే అది మీద పడుతుంది. వాగు పక్క గట్టిగా మాట్లాడుకుంటూనే నడవాలి, అదీ పొద్దెక్కాక. ఎలుగు ఎక్కువగా తిరిగేది మునిమాపు నుంచి తెల్లవారేదాకా.

తీగల సంగతి మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. 4.30 దాటితే చేలల్లో అడుగు పెట్టొద్దు. ఎంత చుట్టైనా డొంక వదలొద్దు.

చెలమనీళ్ళు:
మీరిద్దరూ ఏ వైపు తిరగాలన్నదే వాదిస్తున్నారు. చుట్టుదారిలో అసలు చిక్కు వాగు దాటే చోటు. అటైనా ఇటైనా సగం నడిచాక వస్తుంది. అక్కడ నీళ్ళు ఎక్కువగా ఉంటే వచ్చిన దారంతా మళ్ళీ వెనక్కి నడవడానికి ఎవరికీ మనసొప్పదు, తెగించి దిగుతారు. పోయిన దారినే రావడంలో ఆ బలవంతం లేదు. ఎప్పుడంటే అప్పుడు తిరగొచ్చు.

మన జిల్లాకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నా ఎట్లా పొంగిందో అందరికీ గుర్తే. డిసెంబరు ఆఖరులో వాయుగుండం పడదని నమ్మకం లేదు. కింద ఎండ కాస్తున్నా పైన వాన పడితే వాగు లేస్తుంది. నీళ్ళ రంగు మారడం, ఆకులూ పుల్లలూ కొట్టుకు రావడం, చప్పుడు బరువెక్కడం: వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఒడ్డెక్కండి. మోకాలు దాటి వడిగా ఉంటే దాటొద్దు. ఇరుకుగా ఉన్నచోట దాటడం సులువనిపిస్తుంది, లోతూ వడీ అక్కడే. వెడల్పుగా, గులకరాళ్ళ మీద పలచగా పారే చోటు చూసుకోండి. సంచి నడుం పట్టీ విప్పండి, చెప్పులు విప్పొద్దు.

తాగే నీళ్ళు మనిషికి 4 లీటర్లు. వాగు నీళ్ళు పల్లెల పశువులు తాగేవి. ఇసుకలో చెలమ తీసినా కాచుకునే తాగాలి. పల్లెకు ఎగువన సబ్బుతో స్నానాలు చేయొద్దు.

గట్టుమీద:
ఇవన్నీ సరే, అనుమతి తీసుకున్నారా? ఆ కొండల్లో చాలా భాగం పెనుశిల నరసింహ అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. రిజర్వు ఫారెస్టు అయితే 1967 రాష్ట్ర అటవీ చట్టం ఉంది. ఎర్రచందనం ఉన్న అడవి ఇది, సంచులతో ఆరుగురు కొత్తవాళ్ళు కనబడితే ఆపి అడగడం సిబ్బంది పని. ముందుగా రేంజి ఆఫీసులో పేర్లు, బండి నంబర్లు, దారి గీసిన కాగితం ఇచ్చి అడగండి. వాగు దారికి కాదంటే మీకు మిగిలేది పల్లెలూ తోటలూ ఉన్న సగమే. దాన్నే పోయి రండి. పెంచలకోన గుడి దాకా రోడ్డు ఎట్లాగూ ఉంది.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం వద్దు. కాలు కదలకుండా కర్రకు కట్టి, మనిషిని మోసుకుని దించండి. 108కి చెప్పేటప్పుడు లోయ పేరు కాదు, దగ్గరి పల్లె పేరు చెప్పాలి. లోయలో సిగ్నలు ఉండదు, మిట్ట మీద వెతకండి.

పెన్నొడ్డు:
అనుమతి వస్తే అడవే ముందు. అయితే డొంకదారి అన్న మాట ప్రకారం ముందురోజు సాయంత్రమే పల్లెకు పోయి వాగు సంగతి కనుక్కుని, మనిషిని మాట్లాడుకుని, రాత్రి రాపూరులో ఉండి, 6.30కి మొదలుపెడతాం. అట్లయితే రెండు గంటలకల్లా బండ్ల దగ్గర. 11 గంటలకు మడుగు దాటకపోతే వెనక్కి.

చెలమనీళ్ళు:
11 కాదు, 10.30 పెట్టుకోండి. వెనక్కి రావాల్సొస్తే ఆ గుండ్లన్నీ మళ్ళీ దిగాలి. దిగడానికి ఎక్కినంత సేపు పడుతుంది.