వాల్వ్ పెట్టే ముందు బెవాసిజుమాబ్: ఎన్ని రోజుల ముందు?

పీజీ_ఆప్తాల్: సుగర్ పేషెంట్. నియోవాస్కులర్ గ్లకోమా: ఐరిస్ నిండా కొత్త రక్తనాళాలు, యాంగిల్ (కంటి లోపలి నీరు బయటికి పోయే మూల) చుట్టూ అతుక్కుపోయింది. చుక్కల మందులన్నీ పడుతున్నా కంటి ప్రెషర్ 46. కార్నియా వాచి ఉంది, రెటీనా లేజర్ సగంలో ఆగింది. అహ్మద్ వాల్వ్ (కంటి లోపలి నీటిని ట్యూబ్ ద్వారా ప్లేటు మీదకి పంపే పరికరం) అనుకుంటున్నాం. బెవాసిజుమాబ్ (కొత్త నాళాల్ని అణిచే మందు) ఇంజెక్షన్ ఎప్పుడివ్వాలి? దానితోనే ప్రెషర్ దిగితే సర్జరీ ఆపొచ్చా సార్?

గ్లకోమా_డెస్క్: ఆపలేరు. అతుక్కున్న యాంగిల్‌ని ఏ ఇంజెక్షనూ విడదీయదు. దాని పనల్లా నాళాలు ముడుచుకునేలా చేయడం. లేకపోతే ట్యూబ్ దూర్చగానే ప్రెషర్ ఒక్కసారిగా పడి అవి చిట్లుతాయి, గడ్డకట్టిన రక్తం ట్యూబ్ మూతికి అడ్డం పడుతుంది.

డోసు 1.25 మి.గ్రా., అంటే 0.05 మి.లీ. లింబస్ (నల్లగుడ్డు అంచు) నుంచి 4 మి.మీ., లెన్స్ మార్చిన కన్నయితే 3.5. సర్జరీ 3 నుంచి 7 రోజుల్లో పెట్టుకోండి. ముందురోజు స్లిట్ ల్యాంప్ కింద పాప అంచు చూడండి, ఎర్రటి దారాలు పాలిపోయి ఉండాలి.

46 మీద ఇంకో 0.05 మి.లీ. ఎక్కిస్తే రెటీనాకు రక్తం ఆగిపోవచ్చు. ముందు మానిటాల్‌తోనో అసెటజోలమైడ్‌తోనో దించండి (సుగర్ వాళ్ళకి క్రియాటినిన్ చూడకుండా రెండోది రాయొద్దు). సూది తీయగానే వేళ్ళు లెక్కపెట్టించండి. పారాసెంటెసిస్ (కంటి ముందుగదిలోంచి నీరు తీయడం) తప్పకపోతే బొట్టుబొట్టుగా వదలండి. గబుక్కున వదిలితే అక్కడే రక్తం దిగుతుంది.

రెటీనా_వైపు: ఒకటి వదిలేశారు. ఫండస్ (కంటి లోపలి వెనక భాగం) కనబడట్లేదు కాబట్టి ఇంజెక్షన్‌కి ముందే బీ-స్కాన్ (కంటి అల్ట్రాసౌండ్) తీయండి. రెటీనా మీద ఫైబ్రస్ పొరలుంటే మందు పడ్డాక అవి బిగుసుకుని రెటీనాని పీకేస్తాయి. అలాంటి కన్ను మాకు చూపించకుండా ఇంజెక్షన్ ఇవ్వొద్దు. ఇక మందు పట్టు నాలుగు నుంచి ఆరు వారాలే. కార్నియా తేటపడిన రోజునే మిగతా లేజర్ మొదలెట్టాలి. అప్పటికీ తేటపడకపోతే థియేటర్‌లో ఇండైరెక్ట్ లేజరో క్రయోనో (గడ్డకట్టించే చికిత్స).

పీజీ_ఆప్తాల్: ఖర్చు తగ్గుతుందని మదురై ఆరోల్యాబ్ వాళ్ళ ఆడీ (AADI, ఇలాంటిదే ఇంకో ట్యూబ్ పరికరం) పెడితే?

గ్లకోమా_డెస్క్: దానికి వాల్వ్ ఉండదు. ట్యూబ్‌ని 6-0 విక్రిల్‌తో కట్టేస్తాం, ఆ దారం కరిగి నీరు పారేసరికి ఐదారు వారాలు. సరిగ్గా అప్పుడే ఇంజెక్షన్ పట్టు సడలుతుంది. లేజర్ పూర్తికాకపోతే ట్యూబ్ తెరుచుకునే వేళకి నాళాలు మళ్ళీ లేచి ఉంటాయి. పైగా 46 అన్నాళ్ళు ఆగదు, కట్టుకి ముందువైపు ట్యూబ్‌కి చిన్న చీలికలు పెట్టాలి, వాటినుంచి ఎంత కారుతుందో మన చేతిలో ఉండదు. ఈ కన్నుకి నేనైతే అహ్మదే పెడతాను. పెట్టేముందు ట్యూబ్‌లోకి బీఎస్ఎస్ (కంటి సర్జరీలో వాడే ఉప్పునీటి ద్రావణం) ఎక్కించి ప్రైమ్ చేయండి. ధార ప్లేటు మీదకి చిమ్మడం కంటితో చూశాకే కుట్టండి. చిమ్మలేదంటే వాల్వ్ లోపలి పొరలు ఇంకా అతుక్కునే ఉన్నాయన్నమాట.