నిర్వచనాలు వచ్చు, బల్బు ఎందుకు వెలగదో తెలియదు: ఏడో తరగతి పాపకు సైన్సు ఎక్కడ చూపించాలి?

ఏడో తరగతి అమ్మ, తెనాలి:

అందరికీ నమస్కారం. మా పాప ప్రభుత్వ పాఠశాలలో ఏడో తరగతి చదువుతోంది. సైన్సులో మార్కులకు కొదవ లేదు. నిర్వచనాలన్నీ గడగడా అప్పజెబుతుంది. మొన్న కరెంటు పోయినప్పుడు టార్చిలైటు విప్పి కూర్చుని, "అమ్మా, సెల్ నుంచి బల్బుకు ఒక్క తీగ కలిపితే ఎందుకు వెలగదు? కరెంటు ఆ తీగలోంచి వచ్చేస్తుంది కదా?" అని అడిగింది. నేను ఇంటర్‌లో సీఈసీ చదివాను. నాకు తెలియదు. ఫోనులో వెతికితే గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో మాట్లాడే వీడియోలే వచ్చాయి.

ఇంతలో పోయిన వారం ఒక ఆన్‌లైన్ పాఠాల సంస్థ మనిషి ఇంటికి వచ్చాడు. పాపను నాలుగు ప్రశ్నలు వేసి, "పునాది లేదండీ" అని దాని ఎదుటే అన్నాడు. ట్యాబు, మూడేళ్ల కోర్సు, నెలనెలా వాయిదాలు, సంతకం పెడితే చాలట. పాప ముఖం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండి పంపించేశాను. కానీ దానికి బదులు ఏమి చూపించాలి? ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అదీ వాళ్ల నాన్న పని నుంచి వచ్చాక రాత్రిపూటే దొరుకుతుంది. డబ్బు కట్టనక్కరలేనివి ఏమైనా ఉంటే చెప్పగలరా?

భౌతికశాస్త్రం మాస్టారు, ఒంగోలు:

అమ్మా, ఆ ప్రశ్న అడిగిన పిల్లకు పునాది లేదన్న మాటను దయచేసి మనసులో పెట్టుకోవద్దు, పాపను పెట్టుకోనివ్వద్దు. పదో తరగతిలో ఓమ్ నియమం లెక్కలు తప్పు లేకుండా చేసేవాళ్లలో కూడా ఒక్క తీగతో బల్బు వెలుగుతుందని నమ్మేవాళ్లను నా తరగతిలో చూశాను. వాళ్లెవరూ అడగలేదు. మీ పాప అడిగింది.

ఆ ప్రశ్నకు సరిపోయేది ఒకటుంది. ఫెట్ (PhET) అని వెతకండి, తెర మీదే ప్రయోగాలు చేసి చూసే వెబ్‌సైటు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లది. 2001లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించారు. రూపాయి కట్టనక్కరలేదు, ఖాతా తెరవనక్కరలేదు, ఫోను బ్రౌజరులోనే నడుస్తుంది. కొన్ని నమూనాలు తెలుగులోకీ వచ్చాయి. మిగతావాటిలోనూ చదవాల్సింది తక్కువ, వేలితో లాగి కలపాల్సిందే ఎక్కువ.

అందులో డీసీ విద్యుత్ వలయాల కిట్ తెరవండి. ముందు పాప అనుకున్నట్టే ఒక్క తీగతో సెల్‌నూ బల్బునూ కలపమనండి. తీగలో నీలి చుక్కలు కనిపిస్తాయి, కానీ కదలవు. అవి ఎలక్ట్రాన్లు, కదిలితే కరెంటు అయ్యే అతి చిన్న కణాలు. రెండో తీగ కూడా కలిపి వలయం మూయగానే అన్నీ ఒకేసారి కదులుతాయి. సెల్ దగ్గరివి ముందు, బల్బు దగ్గరివి తర్వాత అని ఉండదు. ఇక్కడ తొందరపడకండి, పాపను కాసేపు చూడనివ్వండి. ఎలక్ట్రాన్లు తీగలో ముందునుంచే ఉన్నాయి, సెల్ వాటిని తోస్తుంది, తిరిగి రావడానికి దారి లేకపోతే ఎంత తోసినా కదలవు. బల్బుకు ముందొకసారి, తర్వాతొకసారి కరెంటును కొలిచే అమ్మీటరు పెట్టి చూడమనండి. రెండుచోట్లా ఒకే అంకె వస్తుంది. బల్బు కరెంటును తినేయడం లేదు, ఖర్చయ్యేది సెల్‌లోని శక్తి.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది, సిద్ధంగా ఉండండి. చుక్కలు రుణధ్రువం నుంచి ధనధ్రువం వైపు వెళ్తాయి, పాఠ్యపుస్తకంలో కరెంటు దిశ చూపే బాణం గుర్తు దానికి ఎదురుగా ఉంటుంది. ఎలక్ట్రాన్‌ను కనుక్కున్నది 1897లో. కరెంటు దిశను అంతకు చాలా ముందే నిర్ణయించేసుకున్నారు, ఆ వాడుకే నిలిచిపోయింది. బల్బు లేకుండా సెల్ రెండు కొనలనూ తీగతో కలిపేస్తే మంట లేచినట్టు చూపిస్తుంది. ఇంట్లో ప్లగ్గుల జోలికి పోకూడదని ఆ మంట చూపించే చెప్పండి.

పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడును ప్రభుత్వం వాళ్ల దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోలు వస్తాయి. 2017 నుంచి ఉంది. నా అనుభవంలో కొన్ని బాగుంటాయి, కొన్ని పాఠం చదివి వినిపించినట్టే ఉంటాయి. పరీక్షకు ముందు పనికొస్తుంది.

అన్నిటికన్నా నేను ఎక్కువగా కోరేది అరవింద్ గుప్తా గారి బొమ్మల వెబ్‌సైటు. ఐఐటీ కాన్పూరులో చదివి, పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయించడానికే జీవితం పెట్టిన మనిషి. 2018లో పద్మశ్రీ వచ్చింది. వీడియోలో చేతులు చూస్తే చాలు, భాషతో పెద్దగా పని లేదు. పిన్నీసుల మోటారుతో మొదలుపెట్టండి. ఒక టార్చి సెల్, రెండు పిన్నీసులు, సైకిలు ట్యూబు ముక్క, పాత స్పీకరులోని అయస్కాంతం, మోటారు వైండింగు దుకాణంలో దొరికే పూత ఉన్న రాగి తీగ, అంతే.

నక్షత్రాలు చూసేవాడు, కరీంనగర్:

ఫోను రాత్రే దొరుకుతుందన్నారు కాబట్టి ఆకాశం సంగతి చెబుతాను. స్టెల్లేరియం వెబ్‌లో ఉచితంగా తెరుచుకుంటుంది. మీ ఊరు, తేదీ, గంట పెడితే అప్పటి ఆకాశం చూపిస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో చీకటి పడ్డాక గొల్లకావడి, పిల్లలకోడి అనే నక్షత్రాల గుంపులు రెండూ చక్కగా కనబడతాయి. ముందు డాబా మీద కంటితో వెతకనిచ్చి, ఆ తర్వాత ఫోను ఇవ్వండి. కార్తీక పౌర్ణమి తేదీ పెట్టి చంద్రుడు ఏ నక్షత్రాల దగ్గర ఉన్నాడో చూడమనండి. నాలుగైదు సంవత్సరాలు మార్చి చూస్తే ఇంకా బాగుంటుంది.

ఏడో తరగతి అమ్మ, తెనాలి:

మాస్టారూ, మోటారు తిరిగింది! వాళ్ల నాన్న అన్నం తినడం మానేసి చూస్తూ కూర్చున్నారు. వీడియోలో తీగ ఒక కొనను పూర్తిగా, రెండో కొనను ఒకవైపు మాత్రమే గీకారు. మేమూ అలాగే చేశాం. ఎందుకు సగమే గీకాలని పాప పట్టుకుంది.

భౌతికశాస్త్రం మాస్టారు, ఒంగోలు:

చాలా సంతోషం అమ్మా. ఆ మోటారు కిటుకంతా ఆ సగంలోనే ఉంది. కరెంటు పారుతున్నప్పుడు తీగచుట్ట అయస్కాంతంలా పనిచేస్తుంది. కింది అయస్కాంతం దాన్ని ఒకవైపు తిప్పుతుంది. సగం చుట్టు తిరిగాక కూడా కరెంటు అలాగే పారితే, అదే అయస్కాంతం వెనక్కి తిప్పుతుంది. ఆ సమయానికి పూత ఉన్న వైపు పిన్నీసుకు తగిలి కరెంటు ఆగుతుంది. వచ్చిన ఊపుతో చుట్ట మిగతా సగం తిరిగేసి, మళ్లీ గీకిన వైపుకు వస్తుంది.

పాపను నమ్మమనకండి, చూడమనండి. ఇంకో చుట్ట చేసి రెండు కొనలూ పూర్తిగా ఉప్పుకాగితంతో గీకి పెట్టమనండి. అటూ ఇటూ ఊగి నిలిచిపోతుంది. మొదటి చుట్టను మళ్లీ పెట్టి, ఈసారి అయస్కాంతాన్ని బోర్లించబోయే ముందు ఏమి జరుగుతుందో నోటితో చెప్పమనండి. చుట్ట ఆగిపోతే వెంటనే తీసేయండి, సెల్ వేడెక్కుతుంది. పాప ఏమి చెప్పిందో ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.