కలుగు ఎలుకల్లో కొన్ని గుంపుగా, కొన్ని ఒంటరిగా ఎందుకు? ప్రాజెక్ట్ ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్ట్‌కి ఈ అంశం తీసుకున్నాను. గుంపుగా ఉండే నేకెడ్ మోల్-ర్యాట్‌నీ, ఒంటరిగా ఉండే బ్లైండ్ మోల్-ర్యాట్‌నీ పోలిస్తే సరిపోతుందా?

జవాబు: వద్దండీ. ఆ రెండిటి వంశం వేరు, బతికే నేల వేరు. తేడా కనిపించినా అది దేనివల్లో చెప్పలేరు. దగ్గరి చుట్టాలై, పక్కపక్కనే ఉండే జాతులు కావాలి. అర్జెంటీనాలోని లిమాయ్ లోయలో టుకో-టుకోల (దక్షిణ అమెరికాలో కలుగుల్లో బతికే ఎలుక జాతి జంతువులు) మీద జీవశాస్త్రవేత్త ఐలీన్ లేసీ చేసిన పని ముందు చదవండి. అక్కడ సోషియాబిలిస్ జాతిలో కొన్ని ఆడవి, సాధారణంగా ఒక మగదానితో కలిసి ఒకే కలుగులో ఉంటాయి. హైగీ జాతిలో మాత్రం పెద్దయ్యాక దేని కలుగు దానిదే.

ఇంకో మాట. ఒకేచోట బోలెడు కలుగులు కనిపించగానే గుంపు అనుకోకండి, అవన్నీ విడివిడి కాపురాలు కావచ్చు. రేడియో కాలర్లు కట్టి, పైన యాంటెన్నాతో తిరుగుతూ, పడుకునే గూడు పంచుకుంటున్నాయా లేదా అన్నది చూడాలి. జీపీఎస్ నేల కింద పనిచేయదు.

ప్రశ్న: లాభం ఉంటేనే కదా సార్ గుంపు కట్టేది?

జవాబు: అలా అనుకునే చాలామంది బోల్తా పడతారు. సోషియాబిలిస్‌లో ఒంటరిగా ఉన్న ఆడదానికే తలసరిన ఎక్కువ పిల్లలు బతికాయని లేసీ 2004లో చూపించారు. మరి ఎందుకు కలిసుంటాయి? ఆ జాతి పచ్చిక దొరికే తడి నేలల్ని అంటిపెట్టుకుని ఉంటుంది. అలాంటి చోట్లు ముక్కలుముక్కలుగానే ఉంటాయి, బయటికెళ్తే ఖాళీ చోటు దొరకడం కష్టం. అందుకే కూతుళ్లు పుట్టిన కలుగులోనే ఉండిపోతాయన్నది నాకు నమ్మదగ్గ వివరణ.

ఆఫ్రికా మోల్-ర్యాట్ల కథ వేరు. ఎండు నేలలో దుంపలు ఎక్కడెక్కడో ఉంటాయి, వాన పడ్డాకే తవ్వడం తేలిక, ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు, అందుకే గుంపు కడతాయని ఒక వాదం. ఈ వాదం మీద ఇంకా గొడవలున్నాయి, అదే ఖాయమని రాసేయకండి.

ఇంకొకరు: ట్రాపింగ్‌లో జాగ్రత్త ఒకటి. కలుగులో ఒకటి పడగానే ఆపేస్తే ప్రతి జాతీ ఒంటరిదిగానే తేలుతుంది. కొత్తవి పడటం ఆగేదాకా బోన్లు ఉంచండి. పాలిచ్చే తల్లి పడితే మాత్రం వెంటనే అదే కలుగులో వదిలేయండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందిగా?