అరబ్ మగవాళ్లను పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్‌ను గుర్తించే తొమ్మిది ప్రశ్నల ఫారం)లో తొమ్మిదో ప్రశ్న ఎలా అడుగుతున్నారు?

గల్ఫ్ క్లినిక్కుల్లో పనిచేసే నర్సులు, కౌన్సెలర్లు కాస్త చెప్పండి. అరబిక్ ఫారంలో 27కి 10, ఆపైన వస్తే డాక్టరు చూడాలి. స్థానిక మగవాళ్లలో చాలామంది ఛాతీ బరువు, తలనొప్పి చెప్తారు గానీ దిగులు గురించిన రెండో ప్రశ్నకు సున్నా పెడతారు. పక్కన తండ్రో అన్నో ఉంటే మరీను. చిరాకు, కోపం సంగతి ఈ ఫారం అడగనే అడగదు. రంజాన్‌లో ఇంకో చిక్కు: ఉపవాసం వల్లే 3, 4, 5 ప్రశ్నలకు (నిద్ర, నీరసం, ఆకలి) మార్కులు పెరగొచ్చు.

అసలు సందేహం చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్న మీద. ఆత్మహత్య మతంలో నిషిద్ధం కాబట్టి, నేరుగా అడిగితే "అస్తగ్‌ఫిరుల్లా" (దేవుడా, క్షమించు) అని తుంచేస్తారు. బంధువును బయట కూర్చోబెట్టి, ముందు "దేవుడు తీసుకుపోతే బాగుండనిపిస్తోందా?" అంటే కొందరు నోరు విప్పుతారు. మీరు అక్కడితో ఆపుతున్నారా, ఆ తర్వాత నేరుగా కూడా అడుగుతున్నారా? ఏ మాటలతో?