నల్లరేగడి నేల, గోడకి ఏటవాలు నెర్రె.. పునాది కుంగుతోందా?

అందరికీ నమస్తే అండీ, మాది గుంటూరు దగ్గర పల్లెటూరు, నల్లరేగడి నేల. నాన్నగారు కట్టించిన ఇల్లు, రాతి పునాది మీద ఇటుక గోడలు, పైన ఫ్లోర్ లేదు. ఈ ఎండాకాలం పడమటి గది కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక నెర్రె మొదలైంది, ఇటుకల జాయింట్ల వెంబడే మెట్లు మెట్లుగా పోతోంది, ఒక చివర సన్నగా ఉంది ఇంకో చివర రూపాయి బిళ్ళ దూరేంత ఉంది. ప్లాస్టరింగ్‌లో వచ్చే వెంట్రుక పగుళ్లయితే పట్టించుకోను కానీ ఇది గోడ అవతల వైపు కూడా కనిపిస్తోంది, పైగా తలుపు పట్టేస్తోంది, గచ్చుకీ గోడకీ మధ్య సందొచ్చింది.

రేగడి వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోతుంది కదా, అందుకని వానలు పడ్డాక నెర్రె మూసుకుంటే నేల వల్లేననీ, అప్పుడు కూడా పెరుగుతుంటే పునాది కుంగుతున్నట్టేననీ మేస్త్రి అంటున్నాడు, నిజమేనా? నెర్రెకి అడ్డంగా గాజుముక్క సిమెంటుతో అతికిస్తే కదలిక ఉన్నప్పుడు పగులుతుందట, ఎన్నాళ్ళు చూడాలి? ఆ గోడ పక్కనే పెద్ద వేపచెట్టు ఉంది, బాత్రూం నీళ్ళూ అక్కడే ఇంకుతాయి. ముందు నీళ్ళు మళ్ళించాలా, లేక వెంటనే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవాలా? అమ్మ ఆ గదిలోనే పడుకుంటుంది, చాలా భయంగా ఉంది, రేగడిలో ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.