టేబుల్ కాళ్లు: కుసి పెట్టి అతికించాలా, బోల్టులతో విప్పేలా చేయాలా?

కొత్తగా నేర్చుకుంటున్నాను:
ఐదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుతో టేకు డైనింగ్ టేబుల్ సొంతంగా చేసుకుంటున్నాను. పైపలక చిత్రిక పట్టడం అయిపోయింది. కాళ్ల దగ్గర ఆగిపోయాను. కుసి (బెజ్జంలో దూరేలా చెక్క చివర సన్నగా చెక్కిన నాలుక) పెడితేనే టేబుల్ అంటారు మా మేస్త్రి. హార్డ్‌వేర్ షాపులో బోల్టులు చాలంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

వడ్రంగి ఇంటి అబ్బాయి:
కుసేనండి, ఇంకో మాట లేదు. కాలికి బెజ్జం, పట్టీ (పలక కింద కాళ్లను కలిపే అడ్డ చెక్క) చివర కుసి. కుసి మందం పట్టీ మందంలో మూడో వంతు ఉండాలి. కుసి పక్కనున్న మెట్టు కాలికి గట్టిగా ఆనుకుంటే ఊపు అక్కడే ఆగిపోతుంది. మా నాన్న చేసిన బల్ల మీద నేను పదో తరగతి చదివాను, ఇప్పుడు మా పాప హోంవర్క్ చేస్తోంది. ఆవకాయ రోజుల్లో దాని మీదే మామిడికాయలు కొట్టేవాళ్లు. ఒక్క కాలూ కదల్లేదు. స్క్రూ అయితే విప్పి బిగించిన ప్రతిసారీ చెక్కలో రంధ్రం వదులవుతుంది.

అద్దె ఇంట్లో ఉంటాను:
అన్నా, ఆరేళ్లలో నాలుగు ఇళ్లు మారాను. నా మొదటి టేబుల్ కుసిదే. మెట్ల మలుపులో తిరగక, తాళ్లు కట్టి బాల్కనీలోంచి దించుతుంటే కాలు గోడకు కొట్టుకుని కుసి పుటుక్కున విరిగింది. పట్టీ మొత్తం కొత్తది చేయించాల్సి వచ్చింది. ఇప్పుడు వాడేది హ్యాంగర్ బోల్టు. దానికి ఒక సగం చెక్క మర, ఇంకో సగం నట్టు మర. చెక్క మర కాల్లోకి ఒక్కసారే దిగుతుంది, విప్పేది నట్టు ఒక్కటే. ఇక రంధ్రం ఎందుకు వదులవుతుంది?

వడ్రంగి ఇంటి అబ్బాయి:
ఆ మాట ఒప్పుకుంటాను. కానీ నట్టు వదులవుతుంది కదా?

అద్దె ఇంట్లో ఉంటాను:
అవుతుంది. ఆరు నెలలకోసారి స్పానర్‌తో బిగిస్తాను, ఐదు నిమిషాల పని.

రిపేర్లు చేస్తాను:
నా దగ్గరికి వచ్చే టేబుళ్లలో ఎక్కువ వాటికి జబ్బు వేరే చోట ఉంటుంది. పట్టీ లేకుండా కాలిని నేరుగా పలక కింద స్క్రూలతో బిగించేస్తారు. 75 సెంటీమీటర్ల కాలిని కింద తోస్తే పైన గునపంలా పనిచేసి స్క్రూలను పెకిలిస్తుంది. అలాంటి దానికి ఏ బోల్టూ నిలవదు. రెండోది, పలకను ఫ్రేముకు కదలకుండా జిగురుతో అతికించడం. మూడడుగుల వెడల్పు టేకు పలక వానాకాలానికీ ఎండాకాలానికీ మధ్య నాలుగైదు మిల్లీమీటర్లు ఉబ్బి తగ్గుతుంది, పొడవున మాత్రం దాదాపు మారదు. దాన్ని కట్టేస్తే పగులుతుంది. పలక బిగించే స్క్రూలకు పట్టీలో రంధ్రాలను వెడల్పు వైపు కోలగా తీయండి.

కొత్తగా నేర్చుకుంటున్నాను:
అయితే పొట్టి పట్టీలకు కుసి పెట్టి రెండేసి కాళ్లు జిగురుతో అతికించేస్తాను. పొడవు పట్టీలకు బోల్టులు పెడతాను. ఇల్లు మారితే ఆ రెండు పట్టీలు విప్పితే చాలు. సరేనా?

వడ్రంగి ఇంటి అబ్బాయి:
బాగుందండి. పాత పట్టెమంచాలూ విప్పి మోసుకెళ్లేలాగే చేసేవాళ్లు, ఇందాక నాకు ఆ ఆలోచనే రాలేదు. టేకులో బోల్టు దించేముందు మరకు కొంచెం మైనం రాయండి. రంధ్రం సైజు ముందు ఒక వేస్టు ముక్క మీద చూసుకోండి, ఇరుకైతే కాలు నిలువునా చీలుతుంది.